బదులు రాని సిగ్నల్

సాయంత్రం అయిదున్నర దాటితే సీతాఫల్‌మండి స్టేషన్ ప్లాట్‌ఫారం చివర ఉన్న సిమెంటు బెంచీ మీద ఒక పెద్దమనిషి, ఆయన ఒళ్ళో ఒక పసిపిల్ల కనిపిస్తారు. ఆ దారిన ఇళ్ళకు వెళ్ళేవాళ్ళలో చాలామందికి ఆ ఇద్దరూ తెలుసు. పెద్దాయన పేరు వెంకటరత్నం. ముప్ఫై నాలుగేళ్ళు రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. పుట్టింది తెనాలి పక్కనే అయినా పద్మారావు నగర్‌లో ఇల్లు కట్టుకుని పాతికేళ్ళ పైమాట. పిల్ల ఆయన కొడుకు కూతురు శ్రీలలిత. పదిహేడు నెలలది. ఇంట్లో అందరికీ లల్లి.

బండి వచ్చి, ఆగి, కదిలి, చివరి పెట్టె తమ ముందు నుంచి సాగిపోయేటప్పుడు వెంకటరత్నం లేచి నిలబడి కుడిచెయ్యి చాపి నెమ్మదిగా అటూ ఇటూ ఊపుతాడు. గార్డుల భాషలో అంతా బాగుందని దానికి అర్థం. కొలువులో లేనివాడు సిగ్నల్ చూపించడం తప్పని ఆయనకు తెలుసు. అందుకే జెండా లేదు, పచ్చగుడ్డ లేదు. ఉత్త చెయ్యి, అదీ బండి కదిలిపోయాక, వెనక క్యాబిన్‌లో ఉన్న గార్డుకు మాత్రమే. ఇప్పుడు వాళ్ళను ట్రైన్ మేనేజర్లంటున్నారు. పదిమందిలో ఏడుగురు తిరిగి చెయ్యి ఊపుతారు. ఊపని ముగ్గురినీ ఆయన ఇల్లు చేరేదాకా తిడుతూనే ఉంటాడు.

ఆ బెంచీ రెండో కొసన రామభద్రరావు అనే రిటైర్డ్ పోస్టుమాస్టరు కూర్చుంటాడు. ఆయన మనవడు ఏడాది నిండకుండానే 'తాతా' అన్నాడట. ఈ సంగతి ఆయన వారానికి నాలుగుసార్లయినా చెబుతాడు. చెప్పాక లల్లి బుగ్గ తట్టి, "రత్నంగారూ, పిల్లకింకా మాట రాలేదా?" అని అడుగుతాడు.

అడిగేవాళ్ళకు అది కుశలప్రశ్న. ఇలాంటివి మనం కూడా పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, మెట్ల మీద ఎదురైన వాళ్ళను ఎన్నిసార్లు అడిగామో గుర్తు చేసుకుందాం. ఆ ప్రశ్న విన్న రోజు వెంకటరత్నానికి రాత్రి అన్నం సయించేది కాదు. ఆ పిల్ల నోట 'తాతయ్యా' అన్న పిలుపు వినాలి. ఈ వయసులో ఆయన దేవుణ్ణి అడుగుతున్నది అదొక్కటే.

డాక్టరమ్మ పరీక్ష చేయించి పిల్లకు చెవులు చక్కగా వినిపిస్తున్నాయనీ, కొందరు పిల్లలు కాస్త ఆలస్యంగా మాట్లాడతారనీ, కంగారు పడవద్దనీ చెప్పింది. అయినా కంగారు ఆగుతుందా? ఆయన భార్య జగదాంబ పొద్దున్నే వసకొమ్ము అరగదీసి పిల్ల నాలుక మీద రాసేది. వస రాస్తే మాట వస్తుందని వాళ్ళమ్మ తనకూ రాసిందట. లల్లి ఆ చేదుకు మొహం చిట్లించుకుని మనుషులందరినీ అసహ్యంగా చూసేది. మాట మాత్రం రాలేదు.

కోడలు మాధురికి బ్యాంకులో ఉద్యోగం. కొడుకు అభిరామ్ మందుల కంపెనీ పని మీద వారంలో నాలుగు రోజులు ఊళ్ళు తిరుగుతాడు. జగదాంబ మోకాళ్ళ నొప్పులతో రోజంతా మోకాలు రుద్దుకుంటూనే ఉంటుంది. అందుకని పిల్లను చూసుకోవడానికి బొల్లారం నుంచి కల్పలత అనే ఇరవై రెండేళ్ళ అమ్మాయిని పెట్టుకున్నారు. పొద్దున ఎనిమిదికల్లా వచ్చేది. వచ్చిన దగ్గరనుంచీ నోరు మూతపడేది కాదు.

ఆ వింత మొదట చూసింది వెంకటరత్నమే. ఒకరోజు పొద్దున వంటింట్లో కల్పలత పాలు కాస్తోంది. గుమ్మం దగ్గర చాప మీద కూర్చున్న లల్లి కుడి గుప్పిట మూసింది, తెరిచింది, మళ్ళీ మూసింది, పాలు పిండుతున్నట్టుగా. "పాలా? ఇస్తున్న తల్లీ, జెర ఆగు" అంది కల్పలత. పిల్ల ఆగింది. ఏడవలేదు. పాలు తాగాక రెండు చేతుల వేళ్ళ కొసలూ కలిపి టకటకా తాటించింది. కల్పలత ఇంకాసిని పోసింది. అవీ తాగి, అరచెయ్యి గడ్డం కింద అడ్డంగా తిప్పింది. చాలని.

వెంకటరత్నం చేతిలో పేపరుతో అలాగే నిలబడిపోయాడు. నిన్నమొన్నటిదాకా ఆ పిల్ల ఆకలికీ ఏడ్చేది, నిద్రకీ ఏడ్చేది, బొమ్మ మంచం కింద పడినా ఏడ్చేది. ఏ ఏడుపు దేనికో తెలియక ఇంటిల్లిపాదీ గింగిరాలు తిరిగేవాళ్ళు. ఇప్పుడు అడిగింది, ఓపిక పట్టింది, చాలంది. ఒక్క మాట కూడా లేకుండా. ఆ బుల్లి తలకాయ లోపల తనకేం కావాలో తెలిసిన ఒక పూర్తి మనిషి కూర్చుని ఉందన్న సంగతి ఆయనకు అప్పుడే తట్టింది.

ఎక్కడ నేర్చిందని అడిగితే కల్పలత చెప్పింది. ఆమె తల్లిదండ్రులు బిక్షం, శ్యామలమ్మ ఇద్దరికీ పుట్టుక నుంచే చెవులు వినపడవు. ఆమెకు ముందు వచ్చింది చేతుల మాటే. నోటిమాట మేనత్త దగ్గరా వాకిట్లో పిల్లల దగ్గరా నేర్చుకుంది. లల్లి ఏడుపు చూడలేక, చిన్నప్పుడు అమ్మ తనకు నేర్పినవే ఈ పిల్లకూ నేర్పుతోంది, నోటితో మాట అంటూ, చేత్తో చూపిస్తూ. మాధురి కూడా నేర్చుకుంటోందని చెప్పి నవ్వింది.

ఆ వారమంతా వెంకటరత్నం సంబరానికి పట్టపగ్గాలు లేవు. ఆ సంబరం దాచుకోలేక బెంచీ మీద రామభద్రరావుకు చెప్పాడు. అదే పొరపాటయింది. "చేతులతో పని జరిగిపోతుంటే నోరెందుకు తెరుస్తుందండీ? చేజేతులా పిల్లను మూగదాన్ని చేసుకుంటున్నారు" అన్నాడాయన. డాక్టరమ్మ చెప్పిందంతా ఒక ఎత్తు, రావుగారి ఒక్క మాట ఒక ఎత్తు అయిపోయింది. జగదాంబకు ఆ భయం ముందే ఉంది. మూగసైగలు ఇంట్లో మంచివి కావని ఆమె అనడం మొదలుపెట్టింది.

లల్లి ఈమధ్య ఇంకో అలవాటు కూడా చేసుకుంది. తాతయ్య గుమ్మంలో కనపడగానే కుడిచెయ్యి చాపి అటూ ఇటూ ఊపేది. స్టేషన్లో చూసి రైలాట ఆడుతోందని ఆయన మొదట్లో మురిసిపోయాడు. రావుగారి మాట విన్నాక ఆ మురిపెం పోయింది. ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించేవాడు. "చేతులు కాదు తల్లీ, నోటితో. తా-త-య్య. అను" అనేవాడు. పిల్ల ఆయన పెదాల వంక శ్రద్ధగా చూసి, మళ్ళీ చెయ్యి ఊపేది. ఆయన మళ్ళీ దించేవాడు.

ఇంతలో కొంపల్లిలో బంధువుల గృహప్రవేశం వచ్చింది. పంక్తిలో నాయనమ్మ పక్కన కూర్చున్న లల్లి పరమాన్నం రుచి చూసి, వేళ్ళ కొసలు తాటించి ఇంకా కావాలంది. ఎదురుగా కూర్చున్న దూరపు చుట్టమొకావిడ అది చూసి, "అయ్యో, పిల్ల మూగదా? మాకు చెప్పనేలేదే" అంది, పంక్తి పొడుగునా వినపడేట్టు. తినేవాళ్ళ చేతులు ఆగిపోయాయి. వెంకటరత్నానికి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున గేటు దగ్గరే కల్పలతను ఆపి ఇక రావద్దని చెప్పాడు. నెల జీతం పూర్తిగా చేతిలో పెట్టాడు. ఆ అమ్మాయి ఆ డబ్బు వంక చూడలేదు. "పెద్దసారూ, పాప మాట్లాడుతనే ఉంది. మీరు జెర..." అనబోయింది. ఆయన చాలన్నట్టు అరచెయ్యి అడ్డం పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. అదీ చేతిసైగేనన్న ఊహ ఆయనకు రాలేదు.

సాయంత్రం మాధురి వచ్చి సంగతి తెలుసుకుంది. మామగారి ఎదురుగా గొంతెత్తే మనిషి కాదు. ఆ రోజు మాత్రం నిలబడి అడిగింది. "నిద్రొస్తోందని నా బిడ్డ నాతో చెప్పుకునేది మావయ్యగారూ. ఇప్పుడు మళ్ళీ ఏడవమంటారా?" అని కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. వెంకటరత్నం కూడా పట్టుదల మనిషే. నాలుగు రోజులు బిగపడితే నోరదే తెరుచుకుంటుందన్నాడు.

ఆ నాలుగు రోజులూ ఇల్లు ఇల్లులా లేదు. లల్లి పాలకు గుప్పిట చూపిస్తే జగదాంబ చూడనట్టు మొహం తిప్పుకుని, "పాలు అను, పాలు" అనేది. పిల్ల గిన్నె విసిరికొట్టేది. నేల మీద పడి ఏడ్చేది. రెండో రోజు సగం సైగలు మానేసింది. మూడో రోజు ఏడుపు కూడా తగ్గింది. కిటికీ ఊచలు పట్టుకుని ఊరికే వీధిలోకి చూస్తూ నిలబడేది. అదుగో, దారికొస్తోందని వెంకటరత్నం అన్నాడు గాని, ఆయన గొంతులో బలం లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆయన కూరగాయల సంచీతో లోపలికి వచ్చాడు. లల్లి తల తిప్పి చూసింది. అలవాటు ప్రకారం కుడిచెయ్యి పైకి లేచింది. అటూ ఇటూ ఊగబోయింది. అంతలో పిల్ల ఆయన మొహంలోకి చూసి, ఎవరూ పట్టుకుని దించకుండానే, తన చెయ్యి తనే కిందికి దించేసుకుంది. మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

సంచీ ఆయన చేతిలోంచి జారి టమాటాలు నేలంతా దొర్లాయి. ఆయన వాటిని ఏరలేదు. కుర్చీలో కూలబడ్డాడు.

గార్డు ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఆయనకు నేర్పిన పాఠం ఒకటుంది. ఒకరు సిగ్నల్ చూపిస్తే రెండోవాడు బదులు చూపించాలి. బదులు రాకపోతే అవతల ఏదో జరిగిందని లెక్క. ఇంకొకటి, సిగ్నల్ సరిగా కనపడకపోయినా అర్థం కాకపోయినా అది ఎర్రసిగ్నలే అనుకుని ఆగిపోవాలి. అర్థం కాలేదు గనక దాటిపోయానన్నవాడికి రైల్వేలో మన్నింపు లేదు. ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క సిగ్నలూ దాటని మనిషి, సొంత ఇంట్లో సొంత మనవరాలు రోజూ చూపించిన సిగ్నల్‌ను దాటుకుంటూ పోయాడు. అదేమిటో తెలుసుకుందామని ఒక్కసారి కూడా ఆగలేదు. ఎంత సిగ్గుపడ్డాడో ఆయనకే తెలుసు.

మర్నాడు పొద్దున పిల్లను ఎత్తుకుని సికింద్రాబాద్ స్టేషన్లో మేడ్చల్ వైపు పోయే ఎంఎంటీఎస్ లోకల్ బండి ఎక్కాడు. కల్పలతను వెనక్కి పిలవాలని ఆయన ఇంకా అనుకోలేదు. ఆ చెయ్యి ఊపడానికి అర్థమేమిటో అడగాలి, అంతే. లల్లి దారి పొడుగునా కిటికీకి ముక్కు ఆనించుకుని చూస్తూనే ఉంది. ఏం చూస్తోందో ఆయన పట్టించుకోలేదు.

బొల్లారంలో కల్పలత వాళ్ళది రెండు గదుల ఇల్లు. ముందుగదిలో బిక్షం మిలిటరీ వాళ్ళ యూనిఫారాలు కుడతాడు. మిషను గడగడలాడుతోంది, ఆ చప్పుడు ఆయనకు తప్ప వీధి అందరికీ వినిపిస్తోంది. గుమ్మంలో నీడ పడగానే తల ఎత్తి, మిషను ఆపి, పక్కన కాజాలు కుడుతున్న శ్యామలమ్మ భుజం తట్టాడు. ఆమె లోపలికి వెళ్ళి కూతుర్ని పిలుచుకొచ్చింది.

కల్పలతను చూడగానే లల్లి తాతయ్య చంకలోంచి కిందికి జారింది. నాలుగు రోజులు మూగబోయిన చేతులు ఒక్కసారిగా లేచాయి. రెండు గుప్పిళ్ళు పక్కలకు ఆనించి చక్రాల్లా తిప్పింది. కల్పలత, "రైలు! రైలెక్కి వచ్చినవా?" అంది. పిల్ల అరచేతులు చెవుల దగ్గర పెట్టి ఆడించింది. "కుక్కనా? యాడ?" పిల్ల మళ్ళీ చక్రాలు తిప్పింది, మళ్ళీ కుక్క అంది, అరచెయ్యి విప్పి గాలిలోకి విసిరింది. "కుక్క పోయిందా? రైలు జూసి ఉరికిందా?" లల్లి మొహం విప్పారింది. అవునవునని తల ఊపింది.

వెంకటరత్నానికి అప్పుడు గుర్తొచ్చింది. నిజమే. దారిలో ఒక చిన్న స్టేషన్లో గోధుమరంగు కుక్క ఒకటి ప్లాట్‌ఫారం మీద పడుకుని, బండి ఆగగానే లేచి పరుగెత్తింది. తనూ చూశాడు, చూసి మరిచిపోయాడు. ఈ పిల్ల అది మనసులో పెట్టుకుని, ఇంత దూరం మోసుకొచ్చి, తనకు ఇష్టమైన మనిషికి కథగా చెబుతోంది. మాట రాలేదని నాలుక మీద వస రాసింది ఈ పిల్లకా అనుకున్నాడు.

అప్పుడు వచ్చిన పని అడిగాడు. కుడిచెయ్యి చాపి అటూ ఇటూ ఊపి చూపించి, "రైలుకి ఆ చక్రాలు తిప్పడమైతే మరి ఇదేవిటమ్మా? నన్ను చూసినప్పుడల్లా ఇలా అంటుంది" అన్నాడు.

కల్పలత ఆయన వంక వింతగా చూసింది. "మీకు ఎర్క లేదా పెద్దసారూ? ఎర్కనే అనుకున్న."

"లేదమ్మా."

"గది మీరే. మా తాన ప్రతి మనిషికి చేతి పేరుంటది. ఆ మనిషి అలవాటును బట్టి పెడ్తం. మా నాయినకు మీసం తిప్పుడు, మా అమ్మకు సూదిల దారం ఎక్కించుడు. మీ పేరు నేను పెట్టలే. పాపనే పెట్టుకుంది. రోజూ బండికి మీరు చెయ్యి ఊపుతరు గద, తాతయ్య అంటే గదే. నెలన్నర సంది పిలుస్తనే ఉంది."

వెంకటరత్నం మిషను పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాడు. నెలన్నర. గుమ్మంలో అడుగు పెట్టిన ప్రతిసారీ ఆ పిల్ల 'తాతయ్యా' అంది. తాను ఆ పిలుపును పట్టుకుని కిందికి దించి, 'తాతయ్యా అను' అన్నాడు. పదిహేడు నెలల పసిది, లోకంలో ఇంతమంది ఉండగా తనను ప్రత్యేకంగా గమనించి, తను జీవితమంతా చేసిన పనిలోంచి తనకొక పేరు కట్టింది. అంత గౌరవం ఆయనకు రిటైర్మెంటు సభలో కూడా ఎవరూ ఇవ్వలేదు. కళ్ళవెంట నీళ్ళు బొటబొటా కారాయి. తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

బిక్షం ఇదంతా చూస్తూనే ఉన్నాడు. లేచి వచ్చి ఎదురుగా కూర్చుని చేతులతో మాట్లాడటం మొదలుపెట్టాడు. తొందర లేదు, తడబాటు లేదు. కల్పలత ఆ చేతుల వంక చూస్తూ చెబుతూ పోయింది.

"మా నాయిన ఏమంటుండంటే, చిన్నగున్నప్పుడు ఇస్కూల్ల మాట నేర్పిస్తమని తన చేతులు ఎనుకకు కట్టేసిండ్రంట. మాట రాలే, ఉన్న చేతుల మాట సుత పోయింది. ఆరేండ్లు ఎవరితోటి ఏం చెప్పకుంట బతికిండంట. నేను పుట్టినంక, ఈళ్ళ తాన ఉంటే పిల్లకు మాటెట్ల వస్తదని సుట్టాలు నన్ను తీస్కపోతమన్నరంట. ఎనిమిది నెలలకు నేను చేత్తోటి పాలడిగిన. ఇప్పుడు నా నోరు మూయించుడు ఎవ్వరితోటి కాదని అంటుండు." ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆమె తండ్రిని గుర్రుగా చూసింది. ఆయన మీసాల్లో నవ్వాడు.

మళ్ళీ ఆ చేతులు కదిలాయి. ఈసారి నెమ్మదిగా, ఒక్కొక్కటే.

"నోరు తయారయ్యేందుకు టైం పడ్తది సారూ. పిల్లల మనసు అప్పటిదాంక ఆగదు. లోపల నిండుకోని ఉంటది. దానికొక దర్వాజ తెరువాలె. చేతుల దర్వాజ మూసినంత మాత్రాన నోటి దర్వాజ తెరుసుకోదు. పిల్ల లోపల్నే ఒక్కతి ఉండిపోతది."

వెంకటరత్నం, తప్పయిందని మీ చేతులతో ఎలా చెబుతారని కల్పలతను అడిగాడు. ఆమె చూపించింది. ఆయన అది ముందు బిక్షానికి చెప్పాడు, తరవాత కల్పలతకు చెప్పాడు. ఆ అమ్మాయి కంగారుపడి ఆయన చేతులు పట్టుకుంది. రేపటినుంచి వస్తానంది, కాని ఇంట్లో అందరూ నేర్చుకోవాలంది. గార్డు పని సంగతి విని బిక్షం మిషను బల్ల తట్టి నవ్వాడు. జెండాతో ముప్ఫై నాలుగేళ్ళు మాట్లాడినవాడు తమ మనిషేనన్నాడు.

బయలుదేరేముందు వెంకటరత్నం గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని లల్లిని పిలిచాడు. పిల్ల తిరిగి చూసింది. ఆయన ఎన్నోసార్లు దించిన చెయ్యి, తొందరగా లేవలేదు. ఆయనే ముందు కుడిచెయ్యి చాపి అటూ ఇటూ ఊపాడు. లల్లి ఒక్క క్షణం ఆలోచించి, తన చెయ్యి చాపి ఊపింది. ఆయన మళ్ళీ ఊపాడు. పిల్ల కిలకిలా నవ్వుతూ పరుగెత్తుకొచ్చి ఆయన మెడ కావలించుకుంది.

ఆ తరవాత ఆ ఇంట్లో వసకొమ్ము అలమారలోకి వెళ్ళింది. జగదాంబ ముద్దకీ, నిద్రకీ, చందమామకీ సైగలు నేర్చుకుంది. తనకు కూడా పిల్ల ఎప్పుడో పేరు పెట్టిందనీ, అది మోకాలు రుద్దుకోవడమనీ తెలిసి, నాకింతకంటే మంచి పేరు దొరకలేదా అని సాధించింది గాని, వచ్చిన చుట్టాలందరికీ ఆ పేరు చూపించి మరీ చెప్పుకుంది. మూడు నెలలకు లల్లికి నోటిమాట కూడా వచ్చింది. మొదట అన్నది 'పప్పు'. చేతులు దానికేమీ అడ్డం పడలేదు. పప్పు అంటూనే వేళ్ళ కొసలు తాటించి ఇంకా వెయ్యమంది.

ఆ మాట వచ్చే ముందరి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. బొల్లారం నుంచి వచ్చిన మర్నాటి సాయంత్రమే వెంకటరత్నం లల్లితో బెంచీ మీద కూర్చున్నాడు. బండి వెళ్ళింది. ఆయన లేచి చెయ్యి ఊపాడు. వెనక క్యాబిన్‌లోని కుర్రవాడు బదులు ఊపాడు. బెంచీ మీద లల్లి బండి వంక చూడటం లేదు, తాతయ్య వంక చూస్తూ చెయ్యి ఊపుతోంది. ఆయన ఆమె వైపు తిరిగి బదులు చెప్పాడు. రామభద్రరావు అలవాటు చొప్పున, పిల్లకింకా మాట రాలేదా అని అడిగాడు.

మన ఇళ్ళలో ఇలాంటి పిల్లలు ఎంతమంది ఉన్నారో, వాళ్ళ చేతుల్నీ చూపుల్నీ ఎంతమందిమి దాటుకుంటూ పోతున్నామో ఎవరికి వారే చూసుకోవాలి. వెంకటరత్నం మాత్రం ఈసారి చిన్నబోలేదు.

"మా మనవరాలు నన్ను పిలవడం మొదలుపెట్టి నెలన్నర దాటిందండీ రావుగారూ" అన్నాడు. "నాకే, పలకడం నిన్న వచ్చింది."